తొమ్మిది సీట్లవాడే ముఖ్యమంత్రి

పోస్టు పెద్దదే, డ్యూటీ దిగాక తీరిగ్గా చదవండి. 2024 జూన్‌లో మన దేశం ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి చాలామంది ఒకటే అడుగుతున్నారు. బీజేపీకి 240 వచ్చాయి, టీడీపీ 16, నితీష్ 12 పట్టుకుని కూర్చున్నారు కదా, ఎవరు ఎటు దూకుతారో ముందే చెప్పే పద్ధతి ఏదైనా ఉందా అని. పద్ధతి ఉందో లేదో గానీ, నేను బతుకుతున్న ఈ మలేషియాలో జరిగిన ఒక కథ ఉంది. అది మనవాళ్ళకు పెద్దగా తెలీదు. మనవాళ్ళు కూడా ఉన్న కథ అది.

2022 నవంబరు 19, శనివారం. ఇక్కడ పార్లమెంటు ఎన్నికలు. అర్ధరాత్రి దాటేసరికి సంగతి తేలిపోయింది, ఎవరికీ మెజారిటీ లేదు. మొత్తం 222 సీట్లు, 112 కావాలి. అన్వర్ ఇబ్రహీం కూటమి పకతాన్ హరపాన్‌కి 82. ముహ్యిద్దీన్ యాసిన్ కూటమి పెరికతాన్ నేషనల్‌కి 73, వాయిదా పడిన ఒక సీటు డిసెంబర్లో గెలిచాక 74. స్వాతంత్ర్యం వచ్చిన 1957 నుంచి 2018 దాకా ఆపకుండా దేశాన్ని ఏలిన ఉమ్నో వాళ్ళ కూటమి బరిసాన్ నేషనల్‌కి 30, అంతే. సముద్రం అవతల సరవాక్ రాష్ట్రం పార్టీల కూటమికి 23, సబా కూటమికి 6. మిగిలింది చిల్లర. రెండుసార్లు ప్రధానిగా చేసిన మహతీర్‌కి లంకావిలో డిపాజిట్టే రాలేదు.

మా హాస్టల్లో పండితులకు లోటు లేదు. తెలుగోళ్ళం, తమిళులం, నేపాలీలు, బంగ్లాదేశ్ వాళ్ళు, అందరం ఓటు లేనివాళ్ళమే, కానీ అందరి దగ్గరా లెక్క ఉంది. ఆ రాత్రి ఎవరిని అడిగినా లెక్క ఒకటే. 73, 30, 23, 6 కలిపితే 132, ముహ్యిద్దీనే ప్రధాని. కూడిక తెలిసిన ఎవడైనా అదే చెప్తాడు. పైగా ఈ నలుగురూ అంతకుముందు రెండున్నరేళ్ళు కలిసి ప్రభుత్వం నడిపినవాళ్ళే. ఆదివారం సరవాక్ ముఖ్యమంత్రి ఆఫీసు నుంచి ఆ మాట మీదే ప్రకటన కూడా వచ్చేసింది.

ఈ జోస్యాలు మాకు కాలక్షేపం మాత్రమే కాదు. విదేశీ కూలీల పర్మిట్లు హోం మంత్రి చేతిలో, పని నియమాలు మానవ వనరుల మంత్రి చేతిలో. ప్రభుత్వం లేని ఆ అయిదు రోజులూ ఏజెంట్లకు పండగే. "ముహ్యిద్దీన్ వస్తే బయటివాళ్ళందర్నీ పంపించేస్తారంట, ఇప్పుడే కడితే పాత రేటుకి రెన్యూవల్" అని ఒకడు తిరిగాడు. వాడి తమ్ముడు పక్క హాస్టల్లో "అన్వర్ వస్తే" అని అదే పాట పాడాడు. మా రూములో పలాస తమ్ముడు ఒకడు రెండు నెలల జీతం తీసి వాడి చేతిలో పెట్టాడు. రసీదు లేదు. అందుకే అంటున్నా, ఎవరు ఎవరితో కలుస్తారనేది టీవీలో చర్చించేవాళ్ళకు మాత్రమే సంబంధించిన విషయం కాదని.

సరే, కథలోకి వద్దాం. ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఈ దేశంలో చాలాకాలం ఫలితాల తర్వాత పొత్తు అనే ప్రశ్నే లేదు. పొత్తు ముందే అయిపోయేది. 1955లో ఉమ్నో, చైనీయుల పార్టీ ఎంసీఏ, భారతీయుల పార్టీ ఎంఐసీ కలిసి అలయన్స్ పేరుతో పోటీ చేసి 52 సీట్లలో 51 గెలిచాయి. ఇక జోస్యం దేనికి? 1969 మే 10 ఎన్నికల్లో ఆ అలయన్స్‌కి గట్టి దెబ్బ తగిలింది, మే 13న కౌలాలంపూర్లో జాతి ఘర్షణలు, పార్లమెంటు మూత. ఆ తర్వాత ప్రధాని అయిన తున్ రజాక్ చేసిన పని చూడండి. 1969లో తన మీద పోటీ చేసినవాళ్ళనే ఒక్కొక్కర్నీ లోపలికి తెచ్చుకున్నాడు. పెనాంగ్ గెలిచిన గెరకాన్ వచ్చింది, పేరాక్ రాష్ట్రంలో బలమున్న పీపీపీ వచ్చింది, చివరికి 1973లో ఉమ్నోకి బద్ధ శత్రువైన ఇస్లామిక్ పార్టీ పాస్ కూడా వచ్చింది. అందర్నీ కలిపి 1974లో బరిసాన్ నేషనల్ అని పేరు పెట్టారు. పాస్ 1977లో బయటికి పోయింది. అది వేరే సంగతి. కానీ అంతకుముందు ఎన్నికల్లో తిట్టుకున్న తిట్లు చూసి పొత్తుల జోస్యం చెప్పేవాడు 1972లోనే ఓడిపోయాడు.

ఇప్పుడు పేరాక్. నేను పనిచేసేది ఈ రాష్ట్రంలోనే, పామాయిల్ మిల్లులో. రాజధాని ఈపో. దిగువ పేరాక్‌లో తెలుక్ ఇంతాన్, బగాన్ దతుక్ వైపు కొబ్బరి తోటలకు, రబ్బరు తోటలకు మన ఉత్తరాంధ్ర నుంచి వెనకటికి వచ్చినవాళ్ళ మనవలు, మునిమనవలు ఇంకా ఉన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు తగ్గుతున్నారు గానీ ఉగాది మాత్రం మానలేదు. బగాన్ దతుక్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

2008 మార్చిలో పేరాక్ అసెంబ్లీ ఎన్నికల్లో 59 సీట్లకు బరిసాన్‌కి 28 వచ్చాయి. ప్రతిపక్షాలు మూడూ కలిస్తే 31. అందులో డీఏపీకి 18, అన్వర్ పార్టీకి 7, పాస్‌కి 6. ముఖ్యమంత్రి (ఇక్కడ మెంత్రి బెసార్ అంటారు) ఎవరయ్యారు? ఆరు సీట్లున్న పాస్ నాయకుడు నిజార్ జమాలుద్దీన్. ఆ పదవికి మలయ్ ముస్లిమే కావాలని రాష్ట్ర రాజ్యాంగంలో ఉంది, డీఏపీ గెలిచినవాళ్ళంతా చైనీయులు, భారతీయులు. పద్దెనిమిది ఉన్నవాడు పక్కన కూర్చుంటే ఆరు ఉన్నవాడు కుర్చీ ఎక్కాడు. స్పీకర్‌గా డీఏపీ ఎమ్మెల్యే వి. శివకుమార్‌ని పెట్టారు. తండ్రి పేరు వరదరాజు నాయుడు. పేరు చివర నాయుడు కనబడితే మనవాళ్ళు ఊరుకుంటారా, మావాడే అని చెప్పుకుంటారు.

పదకొండు నెలలు తిరగకుండా ఆ ముగ్గురి ప్రభుత్వంలోంచి ముగ్గురు జారిపోయారు. స్వతంత్రులమన్నారు, బరిసాన్ వైపు అన్నారు. 28, 28, 3. నిజార్ అసెంబ్లీ రద్దు చేయమని సుల్తాన్‌ని అడిగాడు, ఆయన ఒప్పుకోలేదు. 2009 ఫిబ్రవరి 6న బరిసాన్ మనిషి జాంబ్రీ అబ్దుల్ కాదిర్ ముఖ్యమంత్రి అయిపోయాడు. స్పీకర్ శివకుమార్ మాత్రం దిగనన్నాడు. అసెంబ్లీ భవనంలోకి రానివ్వకపోతే మార్చి 3న ఈపోలో ఒక చెట్టు కింద సభ పెట్టాడు. నిజంగానే, రావిచెట్టు కింద పంచాయతీ పెట్టినట్టు. ఆ చెట్టుకి ప్రజాస్వామ్యం చెట్టు అని పేరొచ్చింది. మే 7న సభ జరిగినప్పుడు స్పీకర్ కుర్చీలో ఉన్న మనిషిని కుర్చీలోంచి లాక్కుంటూ బయటికి ఈడ్చుకుపోయారు. ఆ ఫోటోలు దేశమంతా చూసింది. మరుసటి ఏడాది కోర్టు జాంబ్రీయే సరైన ముఖ్యమంత్రి అని తేల్చింది.

ఈ రెండు పేర్లు, శివకుమార్, జాంబ్రీ. వీళ్ళను కూడా గుర్తుపెట్టుకోండి.

2018లో మొదటిసారి బరిసాన్ ఢిల్లీలో, అంటే ఇక్కడి పుత్రజయలో, ఓడిపోయింది. మహతీర్ 92 ఏళ్ళ వయసులో పకతాన్ తరఫున ప్రధాని అయ్యాడు. 2020 ఫిబ్రవరి 23న పెటాలింగ్ జయలో షెరటన్ హోటల్లో కొందరు ఎంపీలు కూడారు, మర్నాడు మహతీర్ రాజీనామా, వారం తిరిగేలోపు ముహ్యిద్దీన్ ప్రధాని. హైదరాబాదులో వైస్రాయ్ హోటల్ కథ చూసిన మనకు ఇది కొత్తేం కాదు. ముహ్యిద్దీన్ కూడా 2021 ఆగస్టులో దిగాడు, ఉమ్నో నుంచి ఇస్మాయిల్ సబ్రి వచ్చాడు. ఒకే పార్లమెంటు, మూడు ప్రభుత్వాలు. జనానికి విసుగొచ్చి, చివరికి ఫిరాయింపుల చట్టం తెచ్చారు. 2022 అక్టోబరు 5న అమల్లోకి వచ్చింది, అయిదు రోజులకే పార్లమెంటు రద్దయింది.

ఆ చట్టం సంగతి చాలామంది జోస్యులు పట్టించుకోలేదు. ఎంపీ ఒక్కడే పార్టీ మారితే సీటు పోతుంది. కానీ పార్టీ మొత్తం ఒక కూటమి వదిలి ఇంకో కూటమిలోకి వెళ్తే పోదు. అంటే ఒక్కొక్కర్ని హోటల్లో పెట్టి కొనే వ్యాపారం ఆగింది, పార్టీ అధ్యక్షుడి మాటకు విలువ పెరిగింది. ఫలితాల రాత్రి 30 మంది బరిసాన్ ఎంపీల్లో చాలామందికి ముహ్యిద్దీన్ వైపే మనసు ఉండొచ్చు. మనసుతో పనేముంది, తాళంచెవి అధ్యక్షుడు అహ్మద్ జాహిద్ హమీదీ దగ్గరుంది. ఈయన నియోజకవర్గమే బగాన్ దతుక్. ఈసారి పకతాన్ అభ్యర్థి మీద 348 ఓట్లతో గెలిచాడు. పార్లమెంటు సీటుకి 348 ఓట్లు! కొబ్బరి తోటల మధ్య నాలుగు వీధులు అటు తిరిగి ఉంటే మలేషియా చరిత్ర వేరేలా ఉండేదని మా తెలుక్ ఇంతాన్ తెలుగు పెద్దాయన ఒకాయన నవ్వుతూ అంటారు. అది అతిశయోక్తి కాదు.

కానీ ఉమ్నో మూడేళ్ళుగా మీటింగుల్లో అరిచిన నినాదం ఏమిటి? అన్వర్ వద్దు, డీఏపీ వద్దు. అటువైపు పకతాన్ వాళ్ళు ప్రచారమంతా జాహిద్ మీద ఉన్న 47 అభియోగాల అవినీతి కేసు గురించి మాట్లాడారు. వీళ్ళిద్దరూ కలుస్తారని ఎవరనుకుంటారు?

సోమవారం, నవంబరు 21. రాజుగారు పార్టీలకు మధ్యాహ్నం రెండు గంటల దాకా గడువిచ్చి, తర్వాత ఇంకో రోజు పొడిగించారు. పొద్దున కౌలాలంపూర్ హోటల్లో అన్వర్, జాహిద్ వాళ్ళు కలిశారు. టీవీలన్నీ అక్కడే కెమెరాలు పెట్టాయి. నా ఉద్దేశంలో కెమెరాలు పెట్టాల్సింది ఆ హోటల్లో కాదు, మా పేరాక్‌లో. అదే శనివారం పేరాక్ అసెంబ్లీకీ ఎన్నిక జరిగింది. పెరికతాన్‌కి 26, పకతాన్‌కి 24, బరిసాన్‌కి 9. కావాల్సింది 30. సోమవారం పొద్దుగూకేసరికి ముఖ్యమంత్రిగా సుల్తాన్ ముందు ప్రమాణం చేసింది ఎవరు? బరిసాన్‌కి చెందిన సారానీ మొహమ్మద్. తొమ్మిది సీట్లవాడు. మద్దతిచ్చింది 24 ఉన్న పకతాన్. పదమూడేళ్ళ క్రితం ఇదే అసెంబ్లీలో స్పీకర్‌ని ఈడ్చి పారేసినవాళ్ళకు, ఈడ్పించుకున్నవాళ్ళు కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టారు.

దేశం అంతా ఎవరు ఎవరితో అని జుట్టు పీక్కుంటుంటే జవాబు ఈపోలో వచ్చేసింది. చిన్న రాష్ట్రంలో ఒప్పందం అయ్యిందంటే పైన కూడా మాటలు చాలా దూరం నడిచాయన్నమాట. కింది నాయకుడు పైవాడిని అడగకుండా అంత పని చెయ్యడు.

మంగళవారం మళ్ళీ గందరగోళం. బరిసాన్ ఎవరికీ మద్దతివ్వదు, ప్రతిపక్షంలో కూర్చుంటుంది అని జాహిద్ ప్రకటన. ఉమ్నోలో హిషాముద్దీన్ లాంటివాళ్ళు పకతాన్‌తో అసలు కుదరదన్నారు. అదే రోజు సాయంత్రం రాజుగారు అన్వర్‌ని, ముహ్యిద్దీన్‌ని పిలిచి ఇద్దరూ కలిసి ఐక్య ప్రభుత్వం పెట్టమన్నారు. ముహ్యిద్దీన్ ఒప్పుకోలేదు. తనకు సరిపడా బలం ఉందన్న ధీమా. ఆ ఒక్క మాటతో ఆయన బేరం చేసే చోటునే వదిలేసుకున్నాడని నాకనిపిస్తుంది. ఎందుకంటే మర్నాటి నుంచి ప్రశ్న మారిపోయింది. అన్వరా ముహ్యిద్దీనా అన్నది పోయి, రాజు కోరిన ఐక్యతకు ఎవరు సరే అంటారు, ఎవరు కాదంటారు అన్నది వచ్చింది. నినాదం మింగలేనివాడికి రాజుగారి మాట మంచి నీళ్ళు. 24న ఉమ్నో ఐక్య ప్రభుత్వానికి సరేనంది, పెరికతాన్ నాయకత్వంలో అయితే వద్దంది. సాయంత్రం అయిదింటికి అన్వర్ ప్రమాణం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఉమ్నో ఎందుకు అటు పోయింది? జాహిద్ కేసు కోసమే అని అవతలివాళ్ళు అన్నారు. 2023 సెప్టెంబర్లో ప్రాసిక్యూషన్ కోరిక మీద కోర్టు ఆ 47 అభియోగాల విచారణను నిలిపి ఆయన్ని వదిలినప్పుడు (నిర్దోషి అని కాదు) ఆ మాట ఇంకా గట్టిగా అన్నారు. ఆ అనుమానాన్ని కొట్టిపారెయ్యను. కానీ అదొక్కటే అయితే పార్టీ అంతా వెంట నడవదు. ఉమ్నో ఓట్లు తిన్నది ఎవరో చూడండి. మలయ్ పల్లెల్లో ఉమ్నోకి పడే ఓటు పాస్‌కి, ముహ్యిద్దీన్ పార్టీకి పోయింది. పాస్ ఒంటి పార్టీగా దేశంలోనే ఎక్కువ సీట్లు తెచ్చుకుంది. అలాంటివాళ్ళ ప్రభుత్వంలో 30 సీట్లతో చేరితే మరుసటి ఎన్నికకు ఉమ్నో జెండా మొయ్యడానికి మనిషి ఉండడు. డీఏపీ ఎంత శత్రువైనా ఉమ్నో కంచంలో అన్నం తినదు, దాని ఓట్లు పట్నాల్లో చైనీయుల దగ్గర, భారతీయుల దగ్గర ఉన్నాయి. పోలికలున్న పార్టీలు కలుస్తాయని లెక్కలు వేసేవాళ్ళు అనుకుంటారు. చాలాసార్లు పోలికే అడ్డం.

మనకు ఇది తెలియనిది కాదు. 1998 మార్చి. టీడీపీకి 12 సీట్లు. చంద్రబాబు యునైటెడ్ ఫ్రంట్ కన్వీనర్, బీజేపీ మీద పోటీ చేసి వచ్చాడు. మార్చి 24న బాలయోగి లోక్‌సభ స్పీకర్ అయ్యారు, 28న వాజ్‌పేయి 274–261తో విశ్వాసం నెగ్గారు, టీడీపీ ఓట్లు అటే పడ్డాయి. ఊళ్ళో టీడీపీ కార్యకర్త కొట్లాడేది కాంగ్రెస్‌తో కదా. కాంగ్రెస్‌తో కలిసి ఢిల్లీలో కూర్చుంటే గ్రామంలో జెండా ఎలా ఎత్తాలి? అలాగని ఇది లెక్కల సూత్రం కాదు. అంతకుముందు రెండేళ్ళు ఆ యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వాలు నడిచిందే కాంగ్రెస్ బయటి మద్దతుతో. అది ఒకే ఏడాదిలో దేవెగౌడని, గుజ్రాల్‌ని దించేసింది. అలా రెండుసార్లు దెబ్బతిన్నాకే ఊళ్ళో శత్రువు ఎవరో మళ్ళీ గుర్తొచ్చింది.

సరవాక్ వాళ్ళ గురించి ఒక్క ముక్క చాలు. ఆదివారం ముహ్యిద్దీన్ అన్నారు, గురువారానికి అన్వర్ అన్నారు. డీఏపీ నాయకుడు ఆంథోనీ లోక్ పాత మాటలకు సరవాక్ ముఖ్యమంత్రికి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు, దారి సులువైంది. పుత్రజయలో ఎవరుంటే వాళ్ళతో తమ రాష్ట్రం హక్కులు, నిధులు మాట్లాడుకోవడం వాళ్ళ పద్ధతి. వాళ్ళ ఫదిల్లా యూసఫ్ ఉప ప్రధాని అయ్యాడు, సముద్రం అవతల రాష్ట్రాల నుంచి ఆ పదవి మొదటిసారి. రెండో ఉప ప్రధాని జాహిద్. సంతకాలన్నీ అయ్యేసరికి అన్వర్ వెనక 148 మంది, సరిగ్గా మూడింట రెండొంతులు.

డిసెంబర్లో మంత్రుల పేర్లు వచ్చాయి. విదేశాంగ మంత్రి, జాంబ్రీ అబ్దుల్ కాదిర్. మానవ వనరుల మంత్రి, వి. శివకుమార్. అవును, ఆ ఇద్దరే. ఒకే కేబినెట్ బల్ల. మా మిల్లు పర్మిట్లు ఇప్పుడు ఆ చెట్టు కింద సభ పెట్టిన మనిషి శాఖకు సంబంధించిన వ్యవహారం అయ్యాయి. 2023 జనవరిలో విదేశీ కార్మికులను తీసుకునే నిబంధనలు సడలించారు, కంపెనీలు ఎగబడ్డాయి, మార్చికల్లా కొత్త కోటా దరఖాస్తులు ఆపేశారు. పంపించేస్తారని భయపెట్టిన ఏజెంటు జోస్యం తప్పింది, కానీ పలాస తమ్ముడి డబ్బు తిరిగి రాలేదు. వాడి పర్మిట్ కంపెనీయే మామూలుగా రెన్యూ చేసింది, ఏజెంటు ఏమీ చెయ్యనే లేదు.

ఉమ్నో లెక్క ఫలించిందా అని అడుగుతారు. 2023 ఆగస్టులో ఆరు రాష్ట్రాల ఎన్నికలకు పకతాన్, బరిసాన్ కలిసి వెళ్ళాయి. ఉమ్నో 108 చోట్ల పోటీ చేసి 19 గెలిచింది. తెరెంగానులో 32కి 32 పెరికతాన్‌వే. పార్టీ బతకడానికి వెళ్ళిన దారిలో పల్లె ఓటరు వెంట రాలేదు. పట్నంలో డీఏపీ ఓటర్లు మాత్రం ముక్కు మూసుకుని బరిసాన్ గుర్తుకు బాగానే గుద్దారు. ఎవరు ఎవరితో కలుస్తారో చెప్పడం ఒక ఎత్తు, ఓటరు కలుస్తాడా అన్నది ఇంకో ఎత్తు. ఆ రెండోది ఈపో చూసినా తెలియదు.

2023 డిసెంబరు 12న అన్వర్ కేబినెట్ మార్చారు. జాంబ్రీని విదేశాంగం నుంచి ఉన్నత విద్యకు పంపారు. శివకుమార్‌కి కేబినెట్‌లో చోటు పోయింది. ఈసారి కుర్చీలోంచి ఎవరూ లాగలేదు, జాబితాలో పేరు లేదు, అంతే.